రీల్స్‌లో దొరకని హీరో... కత్సుమి!

జపాన్‌లో పెద్దగా ఎవరికీ తెలియని ఒక మిడ్‌ఫీల్డర్‌ని కోల్‌కతా నెత్తిన పెట్టుకుంది. అంతకు అరవై ఏళ్ల ముందు ఒక సికింద్రాబాద్ కుర్రాడినీ అలాగే పెట్టుకుంది. మరి అనంతపురం గ్రౌండ్లలో ఆడుతున్న మన పిల్లల్ని చూసేదెవరు?

చిన్న టెస్ట్. ఫోన్ పక్కన పెట్టి, గూగుల్ చేయకుండా ఒక జపాన్ ఫుట్‌బాల్ ప్లేయర్ పేరు చెప్పండి.

యానిమే చూసేవాళ్లయితే 'బ్లూ లాక్' ఇసాగి పేరు చెప్తారు. ప్రీమియర్ లీగ్ ఫాలో అయ్యేవాళ్లు మిటోమా అంటారు, లివర్‌పూల్ ఫ్యాన్స్ ఎండో అంటారు. కత్సుమి యూసా అని మాత్రం మన దగ్గర దాదాపు ఎవరూ చెప్పరు. కానీ ఇదే ప్రశ్న కోల్‌కతాలో ఒక టీ కొట్టు దగ్గర అడిగి చూడండి. పెద్దాయనల నుంచి ఇంటర్ పిల్లాడి దాకా ఆ పేరు చెప్తారు. చెప్పి ఊరుకోరు, ఆయన మోహన్ బగాన్ వాడా, ఈస్ట్ బెంగాల్ వాడా అని మీ ముందే గొడవ కూడా పెట్టుకుంటారు.

కత్సుమి 1988లో జపాన్‌లోని ఫుకుషిమాలో పుట్టాడు. జపాన్ జాతీయ జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. యూరప్ పెద్ద క్లబ్బులేవీ అతని వైపు చూడలేదు. అలాంటి ఆటగాడు ఇండియాకి వచ్చి, ముందు ఓఎన్‌జీసీ జట్టుకి ఆడాడు. మన రాజమండ్రి వాళ్లకి బాగా తెలిసిన ఆ ఓఎన్‌జీసీనే, దానికీ అప్పట్లో ఐ-లీగ్‌లో ఒక టీమ్ ఉండేది. 2013లో మోహన్ బగాన్ అతన్ని తీసుకుంది. కథ అక్కడ మొదలైంది.

బెంగళూరులో ఆ సాయంత్రం

మోహన్ బగాన్ అంటే 1889లో పుట్టిన క్లబ్. 1911లో బ్రిటిష్ సైనికుల జట్టుని ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. మన వాళ్లలో చాలామంది ఆ రోజు బూట్లు లేకుండానే ఆడారు. అంత చరిత్ర ఉన్న క్లబ్‌కి 2002 తర్వాత పదమూడేళ్లు జాతీయ లీగ్ టైటిల్ లేదు. ఆర్‌సీబీ ఫ్యాన్స్‌కి ఈ బాధ నేను విడిగా చెప్పక్కర్లేదు.

2015 మే 31. లీగ్ చివరి మ్యాచ్, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో. ఎదురుగా బెంగళూరు ఎఫ్‌సీ. డ్రా చేస్తే చాలు, టైటిల్ మోహన్ బగాన్‌దే. మొదటి సగంలోనే బెంగళూరు గోల్ కొట్టేసింది. ఇంక అయిపోయింది అనుకునే టైమ్‌లో, 87వ నిమిషంలో సోనీ నోర్డే కార్నర్ కొడితే బెలో రజాక్ తలతో లోపలికి పంపాడు. 1-1. కప్పు కోల్‌కతాకి వెళ్లింది.

యూట్యూబ్‌లో ఆ మ్యాచ్ హైలైట్స్ చూస్తే మీకు నోర్డే కనిపిస్తాడు, బెలో కనిపిస్తాడు. హైతీ నుంచి వచ్చిన నోర్డే ఆ జట్టులో అసలు సిసలు స్టార్. కానీ ఆ సీజన్ మొత్తం చూసిన అభిమానిని కదిపితే, కత్సుమి సంగతి లేకుండా మాట ముగించడు. ఎందుకంటే ఆగకుండా పరిగెత్తింది అతనే. బంతి పోతే వెనక్కి పరుగు, దొరికితే ముందుకి పరుగు. కుడి వైపు ఆడమంటే కుడి వైపు, మధ్యలో ఆడమంటే మధ్యలో. మరుసటి ఏడాది ఫెడరేషన్ కప్ ఫైనల్లో ఐజాల్‌ని 5-0తో చిత్తు చేసినప్పుడూ ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత కెప్టెన్ బ్యాండ్ కూడా అతని చేతికే వచ్చింది. నూట ఇరవై ఏళ్లు దాటిన క్లబ్‌కి ఫుకుషిమా కుర్రాడు కెప్టెన్!

2017లో ఇంకో ట్విస్ట్. కత్సుమి ఈస్ట్ బెంగాల్‌కి మారిపోయాడు. ఇది ఎంత పెద్ద విషయమో మన భాషలో చెప్పాలంటే, ఒక హీరో ఫ్యాన్స్ అసోసియేషన్ ప్రెసిడెంట్ రాత్రికి రాత్రి అవతలి హీరో కటౌట్‌కి పాలు పోసినట్టు. ఆ రెండు క్లబ్బుల గొడవ వంటింటి దాకా ఉంటుంది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప కూర, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే వేరే ఏదో అనుకోకండి, మన గోదావరి పులసే. 1997లో ఈ రెండు జట్ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి సాల్ట్‌లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల మంది వచ్చారని లెక్క. అలాంటి రెండు వైపులా ఆడి, రెండు వైపులా తనకంటూ అభిమానులని మిగుల్చుకోవడం మామూలు విషయం కాదు. ఆ తర్వాత మణిపూర్ జట్టు నెరోకాకి, చెన్నై సిటీకి కూడా ఆడాడు.

అసలు మిడ్‌ఫీల్డర్ చేసే పనేంటి?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తా. స్ట్రైకర్ ఫ్రంటెండ్ లాంటోడు. బటన్ నొక్కితే రంగు మారుతుంది, క్లయింట్ 'వావ్' అంటాడు. మిడ్‌ఫీల్డర్ బ్యాకెండ్. అంతా సరిగ్గా నడిస్తే అతనున్నాడని కూడా ఎవరికీ తెలీదు. సర్వర్ పడిపోయిన రోజే అందరూ పేరు పెట్టి పిలుస్తారు.

తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఒక ప్లేయర్ కాళ్ల దగ్గర బంతి ఉండేది మొత్తమ్మీద రెండు మూడు నిమిషాలే. మిగతా టైమంతా బంతి లేకుండా చేసే పనే. ఎక్కడ నిలబడాలి, ఎవరికి అడ్డం పోవాలి, మన డిఫెండర్ ముందుకి వెళ్తే ఆ ఖాళీలోకి ఎవరు రావాలి. మంచి మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది పదకొండు కిలోమీటర్లు తిరుగుతాడు. అంటే మా శింగనమల నుంచి అనంతపురం దారిలో దాదాపు సగం. అది కూడా నడక కాదు, ఆగుతూ, తిరుగుతూ, ఒక్కసారిగా దూకుతూ.

ఈ పనిలో మూడొంతులు రీల్‌లోకి రాదు. ముప్పై సెకన్ల వీడియోలో గోల్ ఉంటుంది, మహా అయితే గోల్‌కి ముందు పాస్ ఉంటుంది. ఆ పాస్‌కి ముందు అవతలివాడి కాళ్ల నుంచి బంతి లాక్కున్నది ఎవరో ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ 2022 ఖతార్ వరల్డ్ కప్. జపాన్, స్పెయిన్ మ్యాచ్. బంతి గీత దాటిందా లేదా అని ప్రపంచమంతా జుట్టు పీక్కున్న ఆ ఫొటో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. గీత మీద వెంట్రుకవాసిలో బంతిని వెనక్కి తన్నింది మిటోమా. అందరికీ గుర్తుంది. మరి ఆ బంతిని గోల్‌లోకి పంపిందెవరు? ఆవో తనాకా, మిడ్‌ఫీల్డర్. స్పెయిన్‌పై 2-1తో గెలిపించిన గోల్ అది. గోల్ కొట్టినా కూడా మిడ్‌ఫీల్డర్ పేరు మర్చిపోయాం చూడండి! ఇంకో ముచ్చట ఏంటంటే, మిటోమా, తనాకా ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు.

వతారు ఎండోదీ ఇలాంటి కథే. 2023 ఆగస్టులో లివర్‌పూల్ ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కోసం వెతుకుతోంది. కైసెడో కావాలంటే అతను చెల్సీకి వెళ్లాడు. లావియా కావాలంటే అతనూ చెల్సీకే. అప్పుడు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ముప్పై ఏళ్ల ఎండోని తెచ్చారు. 'ఎవడ్రా వీడు' అన్నవాళ్లే ఎక్కువ. ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2024 ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్లో అదే చెల్సీ మీద ఆడి కప్పు అందుకున్నాడు. తర్వాతి సీజన్‌లో మ్యాచ్ చివర్లో దిగి, ఉన్న ఆధిక్యాన్ని కాపాడే పని ఎక్కువగా చేశాడు. గోల్స్ లేవు, డ్యాన్స్ లేదు. అయినా అతను వార్మప్‌కి లేస్తే స్టాండ్స్‌లో చప్పట్లు. ప్రతి వారం పూర్తి మ్యాచ్ చూసేవాళ్లే అలా చప్పట్లు కొట్టగలరు.

నా పాయింట్ ఇదే. స్ట్రైకర్ ఫేమస్ అవ్వడానికి ఒక్క వీడియో చాలు. పెద్ద పేరు లేని మిడ్‌ఫీల్డర్ ఒక ఊళ్లో పాపులర్ అయ్యాడంటే, ఆ ఊరి జనం తొంభై నిమిషాలూ కూర్చుని చూశారని లెక్క. ఆ పాపులారిటీ ఆటగాడి గురించి ఎంత చెప్తుందో, చూసినవాళ్ల గురించి కూడా అంతే చెప్తుంది.

జపాన్ నుంచి నీలకంఠుడు

కత్సుమి కంటే ముందే ఇంకో జపాన్ మిడ్‌ఫీల్డర్ ఇండియాలో ఇలాగే మనసులు గెలిచాడు. పేరు అరాతా ఇజుమి. 1982లో జపాన్‌లోని యమగుచి ప్రాంతంలో పుట్టాడు. తల్లి జపనీస్, తండ్రి గుజరాతీ. ఈస్ట్ బెంగాల్, మహీంద్రా యునైటెడ్, పుణె ఎఫ్‌సీ జట్లకి ఆడుతూ ఇక్కడే స్థిరపడ్డాడు. ఇండియా జట్టుకి ఆడాలని ఉంది. కానీ రూల్ ప్రకారం భారత పౌరుడైతేనే ఆడాలి, రెండు పాస్‌పోర్టులు కుదరవు.

ఇజుమి ఏం చేశాడు? జపాన్ పాస్‌పోర్ట్ వదిలేశాడు. 2012లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. నీలకంఠ్ ఖంభోల్జా అని భారతీయ పేరు పెట్టుకున్నాడు. 2013లో ఇండియా జెర్సీ వేసుకున్నాడు. మన ఆఫీసుల్లో గ్రీన్ కార్డ్ క్యూ గురించి రోజూ లంచ్‌లో మాట్లాడుకుంటాం కదా, ఒక మనిషి జపాన్ పాస్‌పోర్ట్ వదులుకుని మన పాస్‌పోర్ట్ తీసుకున్నాడంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సిందే. 2015 ఐఎస్ఎల్‌లో కోల్‌కతా జట్టుకీ ఆడాడు. తర్వాత పిల్లలకి కోచ్ అయ్యాడు.

జపాన్ నుంచి ఇంతమంది మిడ్‌ఫీల్డర్లు ఎలా వస్తున్నారు అంటే, అక్కడివాళ్లే నవ్వుతూ చెప్పే కారణం ఒకటుంది: 'కెప్టెన్ త్సుబాసా'. 1981లో మొదలైన మాంగా. హీరో త్సుబాసా మధ్యలో ఉండి ఆట నడిపిస్తాడు. దేశంలోని పిల్లలంతా అతనిలా అవ్వాలనుకున్నారు. 1993లో జె-లీగ్ ప్రొఫెషనల్‌గా మొదలైంది. 1998లో జపాన్ మొదటిసారి వరల్డ్ కప్ ఆడింది, అప్పట్నుంచి ఒక్కటీ మిస్ అవ్వలేదు. మిడ్‌ఫీల్డర్లు ఎంత ఎక్కువయ్యారంటే, 'మన దేశానికి స్ట్రైకర్ లేడు' అన్న బాధ మీదే 'బ్లూ లాక్' కథ మొత్తం నడుస్తుంది!

మన బలరాం సంగతేంటి?

ఇప్పుడు అసలు షాక్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే జపాన్‌ని ఇండియా 2-0తో ఓడించింది. ఒక గోల్ పీకే బెనర్జీది. రెండోది తులసీదాస్ బలరాంది.

బలరాం పుట్టింది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, తమిళ కుటుంబంలో. అతన్ని గుర్తించి తీర్చిదిద్దింది హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా చూశారుగా, ఆ రహీం సాబే. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. జకార్తాలో బంగారు పతకం గెలిచాడు. ఫార్వర్డ్ అని రాస్తారు కానీ, కిందికి దిగి బంతి అందుకుని పక్కవాళ్లని ఆడించడం అతని ప్రత్యేకత. నేటి భాషలో అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ పని.

1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. 1961లో ఆ క్లబ్ కెప్టెన్. కోల్‌కతా అతన్ని తన సొంతం చేసుకుంది. ఆరోగ్యం దెబ్బతిని ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా అక్కడే, కోల్‌కతా దగ్గర ఉత్తరపాడాలో ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు. తనతో ఆడిన పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీ వచ్చింది. బలరాంకి రాలేదు. అర్జున అవార్డు ఒక్కటే.

ఫుకుషిమా కత్సుమి, అమ్ముగూడ బలరాం. అరవై ఏళ్ల తేడాతో ఇద్దరిదీ ఒకటే కథ. సొంత ఊళ్లో అడిగితే తెలీదు, కోల్‌కతాలో అడిగితే కథలు చెప్తారు.

మన దగ్గర ఆట లేక అనుకునేరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరుసగా రెండుసార్లు, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఒకసారి గెలుచుకున్నాయి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏకంగా ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. ఆ తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో పడి, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరే మారిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే, కాసేపు కనిపించే మనిషి కోసం జనం టికెట్లు కొనుక్కుని వెళ్లారు. మెస్సీని చూడ్డం తప్పని నేననను, సెలవు దొరికుంటే నేనూ వెళ్లేవాణ్ణే. కానీ ఆ వారంలో ఎంతమందికి 'మన టీమ్ ఏమైంది' అని గుర్తొచ్చిందో!

శింగనమల నుంచి చూస్తే

మా శింగనమలలో వాన నమ్ముకుని శెనక్కాయ వేస్తారు, వాన రాకపోతే బెంగళూరు బస్సెక్కుతారు. చెరువు ఎండిన ఏడాది పిల్లలకి పెద్ద గ్రౌండ్ దొరికినట్టే. అందులో తొంభై శాతం క్రికెట్టే, కాదనను. అయినా మా జిల్లాకి ఫుట్‌బాల్ కొత్తేం కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, మనందరం ఆర్డీటీ అని పిలిచేది, ఆసుపత్రులు, బడులతో పాటు ఆటలు కూడా తెచ్చింది. క్రికెట్ స్టేడియం అందరికీ తెలుసు, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. నాదల్ పేరుతో టెన్నిస్ స్కూల్ 2010లోనే వచ్చింది. వాటి పక్కనే ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. పల్లెల జట్లు ఆడే అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ ఉంది. అందులో ఆడపిల్లలూ ఆడతారు.

మా ఊరి వైపు తమ్ముడొకడు అలాంటి జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడతాడు. మ్యాచ్ ఆడి ఇంటికొస్తే వాళ్లమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఏమ్‌రా, ఎన్ని గోళ్లు కొడ్తివి?"

"నేను కొట్టలేదు మా, కొట్టేవాళ్లకి ఇచ్చినా."

"ఇచ్చేదానికి అంత దూరం పోతివా?"

వాడు నవ్వి ఊరుకుంటాడు. ఆమె అడిగిన దాంట్లో తప్పేం లేదు. ఆమె ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఆమెనే కాదు, ఊళ్లో ఎవరూ చూడలేదు. అర్ధరాత్రి లేచి ఛాంపియన్స్ లీగ్ చూసి స్టేటస్ పెట్టే వాడి దోస్తులు కూడా ఎవరూ చూడలేదు. ఎండలో తొంభై నిమిషాలు పరిగెత్తిన పిల్లాడికి 'అన్నా, ఆ రెండో హాఫ్‌లో నువ్వు బంతి లాక్కున్నావ్ చూడు, అదిరింది' అని చెప్పే మనిషి ఒక్కడు లేడు. ఇంక రెండేళ్లకి డిగ్రీ అయిపోతుంది, బెంగళూరులో ఏదో ఉద్యోగం వస్తుంది, బూట్లు అటక మీదికి వెళ్తాయి. టాలెంట్ లేక ఆగిపోయిన పిల్లలు ఎంతమందో నాకు తెలీదు కానీ, ఎవరూ చూడక ఆగిపోయేవాళ్లు మాత్రం నా కళ్ల ముందే ఉన్నారు.

కోల్‌కతాలో డబ్బు ఎక్కువుండి కత్సుమి స్టార్ అవ్వలేదు. అక్కడ ఆదివారం మ్యాచ్‌కి వెళ్లడం తాత నుంచి మనవడికి వచ్చిన అలవాటు. చూసి చూసి వాళ్ల కళ్లకి ఆట తెలిసింది. అందుకే గోల్ కొట్టినవాడితో పాటు, గోల్ దాకా బంతిని తెచ్చినవాడి పేరు కూడా వాళ్ల నోట్లో ఉంటుంది. ఆ అలవాటు ఒకప్పుడు హైదరాబాద్‌కీ ఉండేది. అనంతపురానికి రావడానికి అడ్డేముంది?

ఈ నెలలో చేయగలిగినవి మూడు

ఒకటి: వచ్చే వీకెండ్ ఏదైనా ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌ని హైలైట్స్‌లో కాకుండా పూర్తిగా చూడండి. మొదటి ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి, ఒక్క మిడ్‌ఫీల్డర్‌ని మాత్రమే చూడండి. తల ఎన్నిసార్లు తిప్పి వెనక్కి చూసుకుంటాడో లెక్కపెట్టండి. ఆట మొత్తం వేరేలా కనిపిస్తుంది, గ్యారెంటీ.

రెండు: మీ ఊరికి దగ్గర్లో పిల్లల మ్యాచ్ ఎక్కడ జరుగుతుందో కనుక్కుని వెళ్లండి. టికెట్ ఉండదు, కుర్చీ కూడా ఉండదు. వేపచెట్టు నీడ ఉంటుంది, అది చాలు. వెళ్లేటప్పుడు ఆడే పిల్లాడి అమ్మానాన్నల్ని కూడా బండెక్కించుకుని పోండి.

మూడు: ఎలాగూ ఫోన్ తీస్తారు, తీయండి. గోల్‌తో పాటు, గోల్‌కి ముందు బంతి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అది కూడా రికార్డ్ చేయండి. కింద ఆ పిల్లాడి పేరు, ఊరు రాయండి. పేరు మాత్రం తప్పు లేకుండా రాయండి, వాళ్లమ్మ చూస్తుంది.